లూపు కట్టినా సిగ్నల్ రావట్లేదా? లో ఫ్రీక్వెన్సీ రేడియో మొదలుపెట్టేవాళ్లకు సమస్య - పరిష్కారం

24 కిలోహెర్ట్జ్ లోపు రేడియో తరంగాలను పట్టడానికి రిసీవర్ కొనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లోని సౌండ్ కార్డే రిసీవర్, చెక్క చట్రానికి చుట్టిన రాగి తీగే యాంటెనా, దాన్నే లూపు అంటాం. వచ్చే ఫ్రీక్వెన్సీలను స్క్రీన్ మీద గీతలుగా చూపే స్పెక్ట్రమ్ ల్యాబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే చాలు.

మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు మొదటి గురి 18.2 కిలోహెర్ట్జ్. తమిళనాడు తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలో ఉన్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ నుంచి నౌకాదళం జలాంతర్గాముల కోసం పంపే సిగ్నల్ అది. మనకు సుమారు 950 కిలోమీటర్ల దూరం, దాదాపు నేరుగా దక్షిణం. అది దొరికాక ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ నుంచి వచ్చే 19.8, జపాన్‌లోని ఎబినో నుంచి వచ్చే 22.2 వెతకవచ్చు. వాటిలోని సందేశాలు రహస్య కోడ్‌లో ఉంటాయి, వాటి జోలికి మనం పోము. సిగ్నల్ బలం ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్నదే మన పని. ఇక్కడ చెప్పేదంతా పట్టడం గురించే. ప్రసారం చేయాలంటే లైసెన్స్ తప్పనిసరి.

ఒక మాట ముందే చెప్పాలి. సిగ్నల్ రావట్లేదని వదిలేసేవాళ్లలో ఎక్కువ మందికి అది వస్తూనే ఉంటుంది. ఇంట్లో కరెంటు రొదలో మునిగిపోయి కనిపించదు, అంతే. అందుకే లూపు పెద్దది చేయడం కన్నా రొద తగ్గించడం మీదే ఎక్కువ సమయం పెట్టండి.

సమస్య: స్క్రీన్ మీద ఏమీ లేదు, లూపు తగిలించినా తీసినా ఒకేలా ఉంది

ముందు మల్టీమీటర్ తీయండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రానికి 30 చుట్లంటే 120 మీటర్ల తీగ. అర మిల్లీమీటరు మందం రాగి తీగైతే 10 ఓమ్‌ల దగ్గర చూపాలి. మీటరు అసలు కదలకపోతే తీగ కొసల మీద ఎనామిల్ పూత గీకలేదన్నమాట. బ్లేడుతోనో గరుకు కాగితంతోనో రాగి మెరిసేదాకా గీకి, అప్పుడు సోల్డర్ చేయండి. ఈ తీగ కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు, ఊళ్లో మోటర్ వైండింగ్ షాపులో తూకానికి ఇస్తారు. లూపు ఆరుబయటే ఉండేదైతే సబ్‌మెర్సిబుల్ మోటర్లకు వాడే ప్లాస్టిక్ పూత తీగ అడగండి, వానకు తట్టుకుంటుంది.

లూపు బాగానే ఉంటే ల్యాప్‌టాప్ వైపు చూడాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్‌కూ మైక్‌కూ ఒకటే రంధ్రం. మామూలు మైక్ పిన్ను పెడితే అది మైక్ అని గుర్తించదు. మైక్ రంధ్రం విడిగా ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టుకుంటే ఈ తలనొప్పి పోతుంది, పైగా పొరపాటున ఏదైనా కాలినా ల్యాప్‌టాప్ మిగులుతుంది. తర్వాత సౌండ్ సెట్టింగుల్లో నాయిస్ సప్రెషన్, ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి. ఆగకుండా ఒకే తీరుగా వచ్చే శబ్దాన్ని రొద అనుకుని తుడిచేయడమే వాటి పని, మన సిగ్నల్ సరిగ్గా అలాంటిదే.

18.2 కనిపించి 22.2 మాత్రం ఎప్పటికీ కనిపించకపోతే శాంప్లింగ్ రేటు (సౌండ్ కార్డు సిగ్నల్‌ను సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఉందేమో చూడండి. ఎంత రేటు పెడితే అందులో సగం వరకే కనిపిస్తుంది, అంటే 22.05 దగ్గరే ఆగిపోతుంది. 48కి మార్చండి.

సమస్య: స్క్రీన్ నిండా గీతలే, ఏది సిగ్నలో తెలియట్లేదు

అసలు కష్టం ఇక్కడే. తొందరపడకుండా ఒక్కోటీ తీసేస్తూ పోవాలి.

మొదట లూపు పిన్ను పీకేయండి. గీతలు అలాగే ఉంటే అవి ల్యాప్‌టాప్ లోపలివి. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, సగం గీతలు అక్కడే మాయమవుతాయి. లూపు పెట్టినప్పుడే గీతలు వస్తుంటే రొద గాలిలోంచి వస్తోంది. ఫోన్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు, ఫ్యాన్ రెగ్యులేటర్, ఇన్వర్టర్ ఒక్కొక్కటే ఆపుతూ స్క్రీన్ చూడండి. 15.6 దగ్గర కదలని గీత ఉంటే దగ్గర్లో ఎవరింట్లోనో పాత డబ్బా టీవీ నడుస్తోంది. ఛార్జర్ల గీతలు పక్కకు జరుగుతూ, వణుకుతూ ఉంటాయి. నౌకాదళ సిగ్నల్ అలా కాదు. ఉన్న చోటే ఉంటుంది, సన్నని గీతలా కాకుండా కాస్త వెడల్పాటి పట్టీలా కనిపిస్తుంది. ఈ తేడా ఒకసారి కంటికి అలవాటైతే మళ్లీ పొరబడరు.

ఊళ్లో కరెంటు పోయిన సమయాన్ని అస్సలు వదులుకోవద్దు. ఇన్వర్టర్ కూడా ఆపేసి చూడండి. అప్పుడు స్క్రీన్ మీద మిగిలిందే నిజమైన సిగ్నల్.

పొలానికి తీసుకెళ్లినా రొద తగ్గకపోతే బోరు మోటర్లను, వాటి ట్రాన్స్‌ఫార్మర్‌ను అనుమానించండి. 50 హెర్ట్జ్ కరెంటు తన గుణిజాలను, అంటే 100, 150, 200 అంటూ పైదాకా, దువ్వెన పళ్లలా వదులుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు వంద మీటర్లయినా ఎడంగా జరగండి. సెకనుకు ఒకటి చొప్పున టక్కుమని నిలువు గీత పడుతుంటే అది అడవి పందుల కోసం పెట్టిన సోలార్ ఫెన్సింగ్. దాని యజమానిని అడిగితే పగటిపూట కాసేపు ఆపుతారు.

ఎటూ జరగలేకపోతే లూపును తిప్పండి. లూపు అంచు ఎటు చూస్తుందో అటు నుంచి సిగ్నల్ బాగా వస్తుంది, దాని ముఖం చూసే వైపు నుంచి దాదాపు రాదు. కట్టబొమ్మన్ కోసం అంచు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. అంటే రొద మీకు తూర్పునో పడమరనో ఉండేలా చోటు చూసుకుంటే ఒక్క దెబ్బకు రెండు పనులూ అవుతాయి.

గీతలన్నీ ఒక్కసారే బలంగా వచ్చి స్క్రీన్ మొత్తం తెల్లబారితే మైక్ బూస్ట్ (మైక్ సిగ్నల్‌ను పెంచే సెట్టింగు) ఎక్కువైంది, తగ్గించండి. లూపుకూ మైక్‌కూ మధ్య సిరీస్‌లో 10 నానోఫారాడ్ కెపాసిటర్ పెడితే కింది కరెంటు రొద చాలా వరకు ఆగిపోతుంది. మైక్ నుంచి బయటికొచ్చే డీసీ వోల్టేజీ లూపులోకి పోకుండా కూడా అదే ఆపుతుంది. కెపాసిటర్‌కు లూపు వైపున రెండు 1ఎన్4148 డయోడ్లను లూపు రెండు కొసల మధ్య, పక్కపక్కనే ఒకదానికొకటి ఎదురు దిశలో వేయండి, సౌండ్ కార్డుకు రక్ష.

సమస్య: పొడవాటి తీగ కట్టాను, లూపు కన్నా అధ్వానంగా ఉంది

లూపుకు ఎర్త్ అక్కర్లేదు. తీగ యాంటెనాకు తప్పనిసరి. మన దగ్గర రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది, ఎండాకాలంలో చెల్క భూమి ఎముకలా ఎండిపోతుంది. అలాంటి చోట ఇనుప కడ్డీ పాతినా ఎర్త్ అందదు. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోస్తుండాలి. ఎండిపోయి వదిలేసిన బోరు ఉండి, దానికి ఇనుప కేసింగ్ ఉంటే అంతకన్నా మంచి ఎర్త్ లేదు. ప్లాస్టిక్ కేసింగ్ పనికిరాదు, మోటర్ నడుస్తున్న బోరు కేసింగ్ అయితే రొదను తెచ్చి పెడుతుంది. నా మట్టుకు కొత్తవాళ్లకు లూపే మేలంటాను.

సమస్య: రోజూ పొద్దున, సాయంత్రం సిగ్నల్ పడిపోతోంది

ఇది లోపం కాదు. సోల్డర్లు విప్పకండి. పగలు ఈ తరంగాలు భూమికి సుమారు 70 కిలోమీటర్ల ఎత్తున ఉన్న విద్యుదావేశ పొర (అయనోస్ఫియర్) కింద ప్రయాణిస్తాయి, రాత్రి ఆ ఎత్తు 85 - 90కి పెరుగుతుంది. సూర్యోదయం, సూర్యాస్తమయం వేళల్లో ఆ మార్పు జరుగుతుండగా సిగ్నల్ ఊగిసలాడుతుంది. రోజూ అదే వేళకు జరుగుతుంటే కారణం ఆకాశంలో ఉంది, వేళాపాళా లేకుండా జరిగితే తీగ ఎక్కడో వదులైంది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి కొన్ని నిమిషాల్లో బలం మారి, మెల్లగా గంటసేపట్లో మామూలుకు వస్తే సంతోషించండి. సూర్యుడి మీద జరిగిన విస్ఫోటనాన్ని మీ పొలంలోంచి పట్టారన్నమాట. అమెరికా వాతావరణ సంస్థ నోవా ఇచ్చే ఎక్స్-రే గ్రాఫుతో సమయం సరిపోల్చండి. వాళ్లది యూటీసీ, మన సమయానికి ఐదున్నర గంటలు వెనుక.

సమస్య: చిటపటలు ఆగట్లేదు

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఇది మామూలే. వందల కిలోమీటర్ల అవతలి పిడుగులు కూడా వినిపిస్తాయి. దీనికి మందు లేదు, తెల్లవారుజామున వినడమే మేలు. కానీ ఉరుము చెవికి నేరుగా వినిపించిందంటే పిన్ను పీకి ఇంట్లోకి వెళ్లిపోండి, రికార్డింగ్ పోతే పోనివ్వండి. తీగను తాటిచెట్టుకు ఎన్నడూ కట్టకండి, పొలంలో పిడుగు మొదట చూసేది దాన్నే. కరెంటు లైన్ల కింద నుంచి కూడా లాగొద్దు.

ముందు ముందు వచ్చే సమస్య

వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండంలో నౌకాదళపు మరో వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) ప్రసార కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. అది మొదలయ్యాక దగ్గరి సిగ్నల్ బలానికి మన సౌండ్ కార్డులు నిండిపోయి, దూరపు సిగ్నళ్లు కనిపించకుండా పోవచ్చు. నల్గొండ వాళ్లకు దామగుండం పడమర దిక్కు. లూపు అంచు ఉత్తర దక్షిణాలుగా ఉంచితే చాలా వరకు దానంతట అదే తగ్గిపోతుంది. మహబూబ్‌నగర్ వాళ్లకు అలా కుదరదు. దామగుండం వాళ్లకు ఉత్తరాన, కట్టబొమ్మన్ దక్షిణాన, రెండూ దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి కాబట్టి లూపు తిప్పి ఒకదాన్ని తగ్గిస్తే రెండోదీ పోతుంది. బూస్ట్ తగ్గించుకోవడం, లూపు రెండు కొసల మధ్య 20 నానోఫారాడ్‌ల దగ్గర కెపాసిటర్ వేసి 18.2కే ట్యూన్ చేసుకోవడం వాళ్లకు మిగిలే దారి. ఆ లోపు ఇప్పటి రికార్డింగులు తేదీ, సమయంతో సహా దాచిపెట్టండి, తర్వాత పోల్చుకోవడానికి అవే ఆధారం.