నడుము నొప్పి ‘ఫ్లేర్-అప్’ చార్ట్ వస్తే

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగుల చార్టులు కోడ్ చేస్తాను, అంటే డాక్టర్ రాసిన జబ్బులను కోడ్ నంబర్లుగా మారుస్తాను. కొత్తలో ‘పాత నడుము నొప్పి, మూడు రోజులుగా ఫ్లేర్-అప్’ (నొప్పి ఒక్కసారిగా పెరగడం) అని కనిపిస్తే చాలు, అక్యూట్ (కొత్తగా, ఉన్నట్టుండి వచ్చిన నొప్పి) అనుకునేదాన్ని. ఆడిట్‌లో చార్ట్ వెనక్కి వచ్చింది. ఫ్లేర్ అంటే అక్యూటో కాదో డాక్టరే రాయాలి, మనం ఊహించకూడదు. క్రానిక్ (దీర్ఘకాలిక నొప్పి) కూడా అంతే. ఇన్ని నెలలు దాటితే క్రానిక్ అని ఐసీడీ-10-సీఎం (అమెరికాలో జబ్బులకు వాడే కోడ్ల పద్ధతి) గైడ్‌లైన్స్‌లో గడువేమీ లేదు.

ముందు కారణం వెతకండి. డిస్క్ సమస్య అని తేలి, దానికే చికిత్స జరుగుతుంటే ఆ కోడ్ చాలు, జి89 (నొప్పికని విడిగా ఉన్న కోడ్ల వర్గం) వద్దు. క్రానిక్ అని రాసి, కారణం రాయకపోతే ఎం54.50 (వివరం లేని నడుము నొప్పి), తోడుగా జి89.29 (ఇతర క్రానిక్ నొప్పి). నొప్పి తగ్గించుకోవడానికే వచ్చిన విజిట్ అయితే జి89.29 ముందు. 2021 అక్టోబర్ నుంచి వట్టి ఎం54.5 చెల్లదు.

వివరాలు చాలకపోతే డాక్టర్‌కి క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పెట్టండి, జవాబు మాత్రం మీరు అందించకండి. మామూలు రోజుల్లో నొప్పి పదికి ఎంత, ఇవాళ ఎంత, దేనివల్ల పెరిగింది, మందు ఏం మార్చారు, ఏ పని చేయలేకపోతున్నారు అని అడగండి. చివరిది నాకు ముఖ్యం. వంగి చెప్పులు వేసుకోలేని మనిషి ‘నొప్పి పెరిగింది’ అన్న ఒక్క ముక్కలో కనిపించరు. జవాబు వచ్చేదాకా చార్ట్ హోల్డ్‌లో ఉంచండి.