గీత వెంట నడిచే రోబోను ఇంట్లో చేయడం ఎలా?

రోబో అంటే చూడటం, నిర్ణయించడం, కదలడం, మళ్లీ చూడటం. ఇది చేత్తో పట్టుకున్నట్టు అర్థం కావాలంటే తెల్ల చార్టు మీద నల్ల టేపు అతికించి, దాని వెంట పరిగెత్తే చిన్న బండి, అదే లైన్ ఫాలోయర్, చేసి చూడండి.

ఆర్డుయినో ఊనో (మనం రాసిన కోడ్‌ను నడిపే చిన్న బోర్డు), అనలాగ్ అవుట్‌పుట్ ఉన్న (ఎంత కాంతి వచ్చిందో అంకెగా చెప్పే) ఐఆర్, అంటే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి, సెన్సర్లు రెండు, ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ (ఆర్డుయినో చెప్పినట్టు బ్యాటరీ కరెంటును మోటార్లకు పంపే బోర్డు), చక్రాలతో రెండు బీఓ మోటార్లు (బ్యాటరీతో నడిచే చిన్న గేర్ మోటార్లు), ముందు ఒక క్యాస్టర్ చక్రం (ఎటైనా తిరిగేది), హోల్డర్‌లో రెండు 18650 సెల్స్ (రీఛార్జ్ చేసుకునే లిథియం అయాన్ బ్యాటరీలు) చాలు. మోటారును నేరుగా ఆర్డుయినో పిన్నుకు కలపకండి. పిన్ను ఇచ్చేది సుమారు 20 మిల్లీయాంపులే, మోటారుకు దానికి ఎన్నో రెట్లు కావాలి. చిన్న 9 వోల్టుల బ్యాటరీ కూడా వద్దు. మొదటిసారి నేను అదే పెట్టాను, మోటారు కదలబోతే చాలు వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అయ్యేది, నేనేమో రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నాను. బ్యాటరీ, డ్రైవర్, ఆర్డుయినోల గ్రౌండ్ (నెగెటివ్) వైర్లను తప్పక ఒకదానితో ఒకటి కలపాలి.

సెన్సర్లను నేలకు సెంటీమీటరు లోపు ఎత్తులో, టేపుకు అటొకటి ఇటొకటి బిగించండి. తెలుపు ఐఆర్ కాంతిని వెనక్కి పంపుతుంది, నలుపు మింగేస్తుంది. బోర్డు పంపే అంకెలను కంప్యూటర్‌లో చూపించే సీరియల్ మానిటర్‌లో 0 నుంచి 1023 మధ్య అంకె కనిపిస్తుంది, సెన్సర్ మాడ్యూల్‌ని బట్టి తెలుపుకు ఎక్కువా, తక్కువా అన్నది మారుతుంది కాబట్టి ముందే చూసుకోండి.

ఇక నియమాలు. రెండూ తెలుపు చూస్తే నేరుగా, ఎడమది నలుపు చూస్తే ఎడమకు, కుడిది చూస్తే కుడికి. కోడ్‌లో పదేపదే నడిచే భాగమైన లూప్‌లో డిలే (కాసేపు ఆగమనే ఆదేశం) పెట్టొద్దు, అరసెకను కళ్లు మూసుకున్నా బండి గీత దాటిపోతుంది.

నలుపు, తెలుపులకు మధ్య హద్దు అంకెను మీరే రాస్తే ఒక చిక్కుంది. ఎండలోనూ ఐఆర్ ఉంటుంది, అందుకే రాత్రి బాగా నడిచిన బండి మధ్యాహ్నం కిటికీ పక్కన తప్పిపోతుంది. స్విచ్ వేశాక 5 సెకన్లపాటు బండిని చేత్తో టేపు మీద అటూ ఇటూ జరపండి, వచ్చిన అంకెల్లో అతి పెద్దదీ అతి చిన్నదీ గుర్తుపెట్టుకుని వాటి మధ్య అంకెను హద్దుగా తీసుకునేలా కోడ్ రాయండి. ఆ హద్దు ఇప్పుడు మీరు చెప్పింది కాదు, చూసినదాన్నుంచి రోబో తెచ్చుకున్నది. నా దృష్టిలో ఏఐలో నేర్చుకోవడం అనేదానికి విత్తనం ఇదే, పెద్ద మోడళ్లలో ఇలా డేటా నుంచి తేలే అంకెలు కోట్లలో ఉంటాయి.

ఒకే రకం సెన్సర్లు రెండూ ఒకే అంకె ఇవ్వవు, దేని హద్దు దానికి విడిగా తీయండి.