పాత బోటు మోటారుకి కరెంటు రావడం లేదా? సీడీఐ కొనేముందు ఇవి చూడండి

తాడు ఎన్నిసార్లు లాగినా మోటారు అందుకోకపోతే చాలామంది అనుమానం నేరుగా సీడీఐ డబ్బా (ప్లగ్గుకి కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) మీదకే పోతుంది. ఉప్పునీళ్లలో తిరిగే పాత టూ స్ట్రోక్ మోటార్లలో సీడీఐ కంటే ముందు పాడయ్యేవి వేరే ఉన్నాయి: చిలుము పట్టిన వైరు కొసలు, సరిగా తగలని ఎర్తు, లోపల షార్టయిన స్టాప్ స్విచ్. వీటిని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అందుకే సీడీఐని చివరికి ఉంచుకోండి. ఇక్కడ చెప్పేవన్నీ 8 నుంచి 40 హెచ్‌పీ దాకా ఉండే రెండు సిలిండర్ల మోటార్లకి పనికొస్తాయి.

మొదటి పని, ప్లగ్గుకి కరెంటు వస్తోందో లేదో చూడడం. రెండు ప్లగ్గులూ విప్పి, క్యాపులు తగిలించి, ప్లగ్గు ఇనుప భాగాన్ని జంపర్ వైరుతో ఇంజిన్‌కి గట్టిగా కలపండి. చేత్తో పట్టుకోవద్దు. ప్లగ్గులు వాటి రంధ్రాలకి దూరంగా ఉండాలి, తాడు లాగినప్పుడు లోపలి నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, అంటుకుంటుంది. బయట గాలిలో బాగానే కనిపించే నిప్పురవ్వ సిలిండర్ లోపలి ఒత్తిడికి ఆరిపోవచ్చు. కాబట్టి గ్యాపు మార్చుకోగలిగే టెస్టర్ వాడడం మేలు. పాయింట్ల మోటారులో (సీడీఐ లేని పాత రకం, విచ్చుకుని మూసుకునే లోహపు కొసలే కరెంటుని తెంపుతాయి) కరెంటు 6 మి.మీ., సీడీఐ మోటారులో 11 మి.మీ. దూకాలి. నీలంగా, టక్కుమని చప్పుడుతో వస్తే బాగున్నట్టు. సన్నగా పసుపురంగులో వస్తే బలం లేనట్టు. సీడీఐ మోటారులో ప్లగ్గు క్యాపుని గాల్లో వదిలేసి మాత్రం తాడు లాగకండి, వోల్టేజీ పోయే దారిలేక కాయిల్ (ప్లగ్గుకి వోల్టేజీ పెంచి ఇచ్చేది) లోపలి ఇన్సులేషన్ చిల్లుపడుతుంది.

రెండు సిలిండర్లకీ కరెంటు లేదంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే పట్టుకోవాలి. అందులో మొదటిది స్టాప్ స్విచ్. బ్యాటరీ మీద నడిచే కారు తాళం కరెంటుని తెంపి ఇంజిన్‌ని ఆపుతుంది. ఇక్కడ పద్ధతి తిరగేసి ఉంటుంది. స్టాప్ బటన్ నొక్కితే ఇగ్నిషన్ కరెంటు ఎర్తులోకి పోతుంది, మోటారు ఆగుతుంది. అంటే స్విచ్ లోపల ఉప్పుతేమ చేరినా, ఆ వైరు ఒరుసుకుని ఇంజిన్‌కి తగిలినా, బటన్ ఎవరో నొక్కిపట్టినట్టే. ముందు స్టాప్ స్విచ్‌కి తగిలించే ఎర్రతాడు క్లిప్పు (తాడు రెండో కొస నడిపే మనిషి ఒంటికి ఉంటుంది) దాని చోట ఉందో లేదో చూడండి. ఉంటే స్టాప్ వైరు జాయింట్ ఊడదీయండి (యమహాల్లో స్టాప్ వైరు తెలుపు, ఎర్తు నలుపు). మళ్లీ తాడు లాగితే కరెంటు వచ్చిందంటే తప్పు స్విచ్‌దో, దాని వైరుదో, సీడీఐకి ఏమీ కాలేదు. వైరు ఊడి ఉండగా బటన్‌తో మోటారు ఆగదు. చోక్ పూర్తిగా లాగి గానీ, పెట్రోలు పైపు తీసి గానీ ఆపాలి. కొత్త స్విచ్ వేయకుండా అలాగే వేటకి వెళ్లొద్దు. మనిషి నీళ్లలో పడితే మోటారుని ఆపేది ఆ క్లిప్పే.

ఒక్క సిలిండరే మిస్ కొడుతుంటే పని సులువు. ప్లగ్గులు అటూ ఇటూ మార్చండి. తప్పు ప్లగ్గుతోపాటు రెండో సిలిండర్‌కి మారితే ప్లగ్గు పోయినట్టు. మారకపోతే క్యాపు, కాయిల్ కూడా అలాగే ఒక్కొక్కటిగా మార్చి చూడండి. క్యాపు విప్పితే వైరు కొసన పచ్చగా చిలుము కనిపిస్తే 6 మి.మీ. కోసేసి కొత్త రాగి తేలాక బిగించండి. చీకటి పడ్డాక మూత తీసి తాడు లాగితే, చిట్లిన ప్లగ్గు వైరు నుంచి ఇంజిన్ మీదకి దూకే సన్నని నీలిమెరుపు స్పష్టంగా కనిపిస్తుంది.

కాయిల్ బోల్టులు, నల్లవైర్ల రింగులు విప్పి, కింద లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించాక పైన గ్రీజు రాయండి. వైరు మార్చాల్సి వస్తే తగరం పూత రాగి వైరే వాడండి. ఇంటి వైరింగు వైరు లోపల్లోపలే నల్లబడుతుంది.

1950, 60ల నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్ లాంటి వాటిలో సీడీఐ ఉండదు. ఫ్లైవీల్ (మోటారు పైన తిరిగే బరువైన చక్రం) కింద ఒక్కో సిలిండర్‌కి విడిగా పాయింట్లు, కండెన్సర్ (పాయింట్లు కాలకుండా కాపాడేది), కాయిల్ ఉంటాయి. చాన్నాళ్లు వాడకుండా పడున్న మోటారులో పాయింట్ల మీద సన్నని పొర పేరుకుని కరెంటు ఆగిపోతుంది. తెల్లకాగితం ముక్కని స్పిరిట్‌లో తడిపి, నల్లమరక రావడం ఆగేదాకా పాయింట్ల మధ్య లాగండి. ఎమ్రీ కాగితం వద్దు, దాని రేణువులు ఇరుక్కుంటాయి. పాయింట్లని తెరిచే క్యామ్ ఎత్తుమీద అవి పూర్తిగా విచ్చుకున్నప్పుడు గ్యాపు 0.020 అంగుళం, అంటే సుమారు అర మి.మీ. ఉండాలి. ఫీలర్ గేజ్ (గ్యాపు కొలిచే పల్చని రేకు) నూనె తుడిచాకే లోపల పెట్టండి. గ్యాపు పెరిగితే టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) ముందుకి, తగ్గితే వెనక్కి జరుగుతుంది. పాయింట్లు ఊరికే కాలి నల్లబడుతుంటే కండెన్సర్ మార్చాలి. ఆనాటి కాయిళ్ల పైపూత ఏళ్లు గడిచేకొద్దీ పగులుతుంది. పగులు కనిపిస్తే మీటరు ఏం చూపించినా ఆ కాయిల్ తీసేయండి.

ఫ్లైవీల్ తీయడానికి దాని మీది మూడు బోల్టు రంధ్రాలకి బిగించే పుల్లరే వాడాలి. అంచు పట్టుకుని లాగితే లోపలి అయస్కాంతాలు ఊడతాయి. తిరిగి పెట్టేటప్పుడు షాఫ్ట్ కొసని పొడిగా తుడవండి, గ్రీజు పూయొద్దు. నట్టు వదులుగా ఉంటే ఫ్లైవీల్‌ని షాఫ్ట్‌కి కుదురుగా పట్టి ఉంచే చిన్న కీ ముక్క తెగి టైమింగ్ తప్పుతుంది. అప్పుడు కరెంటు బాగానే ఉన్నా కార్బరేటర్ వైపు ఎదురు కొడుతుంది.

చల్లగా ఉన్నప్పుడు స్టార్టై, కాస్త దూరం పోయాక ఆగి, చల్లారాక మళ్లీ నడిచే మోటారు అందరినీ తిప్పలు పెడుతుంది. వేడికి వ్యాకోచించి కాయిల్ లోపలి సన్నతీగ విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. ఒడ్డుకి తెచ్చి తీరిగ్గా కొలిస్తే మీటరు అంతా బాగుందనే చూపిస్తుంది. ఆగిన వెంటనే, వేడి మీదే కొలవాలి. మామూలు మీటరు ఓమ్‌లు కొలవడానికి సరిపోతుంది గానీ సీడీఐ వోల్టేజీ కొలవడానికి పీక్ వోల్టేజీ అడాప్టర్ (క్షణకాలం వచ్చే గరిష్ఠ వోల్టేజీని పట్టేది) ఉండాలి.

కిరోసిన్ మీద నడిపేవాళ్లు ఆపేముందు కొన్ని నిమిషాలు పెట్రోలు మీద నడపండి. లేకపోతే మర్నాడు ప్లగ్గు తడిసి, ఉన్న కరెంటు కూడా లేనట్టే కనిపిస్తుంది.

సెల్ఫ్ స్టార్ట్ ఉంటే బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కంటే పడిపోకూడదు. మోటారు తిరుగుతుండగా బ్యాటరీ వైర్లు ఊడదీయొద్దు. ప్లస్, మైనస్ తారుమారైతే రెక్టిఫయర్ (ఏసీ కరెంటుని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చేది) ఆ క్షణమే కాలిపోతుంది.