చిత్తూరు కథలు చదవాలంటే ముందు నోరు తెరవండి

తిరుపతిలోనే పుట్టి పెరిగి, పాటలన్నీ నోటికొచ్చి, సిరీస్‌లన్నీ చూసేసి, తెలుగు పుస్తకం చేతికిస్తే మాత్రం "అబ్బా, నా వల్ల కాదు" అనే పిలకాయలు మా వీధిలోనే అయిదారుగురు ఉన్నారు. వాళ్లలో ముగ్గురిచేత మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కథలు చదివించాను. అలా కుదిరిన పద్ధతే ఇది, మీరూ చేసి చూడండి.

మొదటి మాట, మన యాసలోనే కథలు రాసిన నామినితో మొదలుపెట్టొద్దు. అందరూ ముందు ఆయన పుస్తకమే చేతిలో పెడతారు, నాకూ ప్రాణమే, కానీ తెలుగు అక్షరాలు కూడబలుక్కునే వాళ్లకు మొదటి పేజీలోనే యాస ఎదురైతే బెదిరిపోతారు. ముందు మధురాంతకం రాజారాం కథలు తీసుకోండి. దామలచెరువు అంటే మనకు మామిడికాయల మండీ గుర్తొస్తుంది కదా, ఆ ఊళ్లో బడి అయ్యవారుగా ఉంటూ మన పల్లెల గురించి వందల కథలు రాసిన మనిషి ఆయన. ఆ కథలకే 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వాక్యం నిదానంగా, శుభ్రంగా నడుస్తుంది, ఎక్కడా తట్టుకోదు. రోజుకు ఒక్క కథ చాలు. చిత్తూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే దిగేలోగా రెండు అయిపోతాయి. ఇలా పది పదిహేను కథలయ్యాక కంటికి తెలుగు అలవాటు పడుతుంది.

అప్పుడు నామిని. ఇక్కడ పద్ధతి పూర్తిగా మార్చాలి, కళ్లతో కాదు, నోటితో చదవాలి. ఆయన పుస్తకాలు "మిట్టూరోడి కథలు" గానీ "పచ్చనాకు సాక్షిగా" గానీ లోలోపల చదువుకుంటే సగం మాటలు అచ్చుతప్పుల్లా కనిపిస్తాయి. గట్టిగా చదవండి, మీ అవ్వ మాట్లాడినట్టే ఉంటుంది. తిరుపతికి దగ్గర్లోని మిట్టూరులో మనుషులు ఎట్లా మాట్లాడతారో అట్లాగే రాశాడాయన, దాన్ని దిద్ది నున్నగా చెయ్యలేదు. నేను చదివిన బళ్లో "యాడికి" అన్నందుకు నన్ను బెంచీ ఎక్కించారు, అది మొరటు తెలుగంట. ఆ మాట పుస్తకంలో అచ్చయి కనిపించిన రోజు నాకు ఏడుపొచ్చింది, ఆ పేజీ ఇప్పటికీ మడత పెట్టే ఉంది.

ఒక్కరే కూర్చుని చదివే కంటే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర చదవడం ఇంకా మంచిది. ఒకరోజు మా అమ్మ చేటలో చెనిక్కాయలు వేసుకుని వొలుస్తా ఉంటే పక్కన కూర్చుని మొదలుపెట్టాను. మొదటి పేజీకి ఊరికే వింది. రెండో పేజీలో "అట్ల కాదు, ఆ మాట సాగదీసి అనాల" అని నన్ను దిద్దింది. నాలుగో పేజీకి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది, వొలవడం మర్చిపోయి నా నోటివైపే చూస్తా ఉంది. కథ అయిపోయాక చాలాసేపు మాట్లాడకుండా, ఆ తర్వాత వాళ్లమ్మ సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. అంతకు ముందెప్పుడూ చెప్పనివి.

తెలియని మాట దగ్గర ఆగిపోవద్దు. పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి ముందుకు పోండి, కథ అయ్యాక అడగండి, అడిగేది ఫోన్‌ని కాదు, మనుషుల్ని. కయ్య, గెనిమ, ఎనుము, మడక లాంటివి పల్లెలో చుట్టాలున్న వాళ్లకు ఎలాగూ తెలుస్తాయి. కపిల మాత్రం ఈ కాలం పిలకాయలకు ఎవరికీ తెలియదు. మా నాయనను అడిగితే నోటితో చెప్పలేక లేచి నిలబడ్డాడు. ఎద్దులు వాలుగా ఉన్న దారిలో కిందికి దిగితే బావిలోంచి తోలుసంచి నీళ్లతో పైకి వస్తుంది, అవి మళ్లీ వెనక్కి ఎక్కితే ఖాళీ సంచి బావిలోకి దిగుతుంది. ఎద్దులు దిగేటప్పుడు మనిషి కూడా ఆ సంచిని లాగే మోకు మీద కూర్చుంటాడంట, ఎద్దులకు సాయంగా తన బరువు కూడా పడాలని. హాల్లో నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నడిచి చూపించాడు. ఏ నిఘంటువులో దొరుకుతుంది అది!

చివర్న కేశవరెడ్డి. ఈయనను మాత్రం ఎవరి పక్కనా కూర్చుని చదవొద్దు. మన జిల్లాలో పుట్టి, ఎక్కడో నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ, మన అడవినీ మన మాలమాదిగ పల్లెలనూ కళ్లముందు ఉన్నట్టే రాసిన డాక్టరు. ఆయన నవల "అతడు అడవిని జయించాడు" చిన్న పుస్తకమే, తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి పోతాడు, అంతే. కానీ దాన్ని రోజుకు పది పేజీల చొప్పున ముక్కలు చేసి చదివితే దాని పట్టు పోతుంది. నా ఉద్దేశంలో తెలుగులో అంత బిగువైన నవల ఇంకోటి లేదు, ఎవరు వాదనకొచ్చినా ఇదే అంటాను. శనివారం రాత్రి సంగటి తినేసి, ఫోన్ వేరే గదిలో పెట్టేసి కూర్చోండి. మధ్యలో లేవకుండా చెంబుతో నీళ్లు పక్కనే పెట్టుకోండి.