సీటీ తెరపై తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైనప్పుడు

ఒంగోలులో నేను పనిచేసే ఆసుపత్రిలో, రిజిస్ట్రేషన్ కౌంటరు వద్ద తెలుగులో నమోదైన రోగుల పేర్లు స్కానింగ్ యంత్రాల వర్క్‌లిస్టులో (స్కాన్ చేయాల్సిన రోగుల జాబితాలో) వరుస ప్రశ్నార్థకాలుగా కనిపించేవి. లోపం ఫాంటుదేనని సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంజినీరు వాదించారు. నాకు నమ్మకం కలగలేదు. వర్క్‌లిస్టు సర్వరు పంపే డేటాను పరిశీలించగా, అక్షరాల సంకేత విధానాన్ని తెలిపే 0008,0005 ట్యాగు ఖాళీగా ఉంది. వైద్య చిత్రాలు, వాటి వివరాలు యంత్రాల మధ్య మార్పిడి కావడానికి ఉన్న డైకామ్ ప్రమాణం ప్రకారం అది లేకపోతే యంత్రం పేరును ప్రాథమిక ఆంగ్ల అక్షరాలుగానే చదువుతుంది. తెలుగు కనిపించాలంటే అక్కడ అన్ని భాషల లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 సంకేత విధానాన్ని సూచించే ఐఎస్ఓ_ఐఆర్ 192 అనే విలువ ఉండాలి. ఈ ఆధారాన్ని ఫిర్యాదుకు జతచేశాక సంస్థ మార్పు చేసింది, అల్ట్రాసౌండ్‌లో పేర్లు సరిగా వచ్చాయి. సీటీ మాత్రం మొరాయించింది. దాని కన్ఫార్మెన్స్ స్టేట్‌మెంటులో (డైకామ్‌లో వేటిని యంత్రం పాటిస్తుందో తయారీదారు తెలిపే, కొనేముందే చదవదగ్గ పత్రమిది) 192 ప్రస్తావనే లేదు. అందువల్ల ఆ ఒక్క యంత్రానికి పేరు ఆంగ్ల లిపిలో వెళ్లేలా, స్కాన్ చిత్రాలను భద్రపరిచే పాక్స్ వ్యవస్థలో రోగి గుర్తింపు సంఖ్య ఆధారంగా తెలుగు పేరు జతపడేలా సంస్థచేత మ్యాపింగ్ చేయించాం.