ప్రింటర్ చవక, ఇంకు ప్రియం: నా అనుభవం

ప్రింట్ తీస్తే అక్షరాల మధ్య తెల్లచారలు. కాట్రిడ్జ్‌లో ఇంకు అయిపోయిందనుకుని కొత్త జత ధర చూస్తే దాదాపు ప్రింటరంత ఉంది. ప్రాణం ఉసూరుమంది. నెలకు పట్టుమని ఇరవై పేజీలు కూడా తీయం, మరి ఇంకంతా ఎటు పోయినట్టు?

తప్పు నా అలవాటులోనే ఉంది. పని కాగానే గోడ దగ్గర స్విచ్ కట్టేసేవాణ్ణి. అలా చేస్తే కాగితం మీద ఇంకు చిమ్మే హెడ్ ఒక్కోసారి తన మూత మీదికి చేరకుండానే ఆగిపోతుంది, దాని నాజిళ్లలో, అంటే సన్నటి రంధ్రాల్లో, ఇంకు ఎండిపోతుంది. ఆపైన హెడ్ క్లీనింగ్ నొక్కినప్పుడల్లా కొంత ఇంకు లోపలి స్పాంజి పాలు.

మాది కాట్రిడ్జ్‌కే హెడ్ ఉండే రకం. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన టిష్యూ మీద దాన్ని రెండు నిమిషాలు నిలబెట్టాను. టిష్యూ మీద సన్నటి నల్ల గీత పడగానే ఎంత సంతోషమేసిందో! చారలు పోయాయి.

ఇప్పుడు ప్రింటర్ బటన్‌తోనే ఆపుతున్నాను. వారానికోసారి అన్ని రంగులూ ఉన్న పేజీ ఒకటి తీస్తున్నాను. మామూలు కాగితాలకు తక్కువ ఇంకుతో ముద్రించే డ్రాఫ్ట్ మోడ్ చాలు. ఈసారి ప్రింటర్ కొంటే మాత్రం ముందు ఇంకు ధరను, అది ఇచ్చే పేజీల సంఖ్యతో భాగించి చూస్తాను. కాట్రిడ్జ్ బదులు సీసాతో ఇంకు నింపుకునే ఇంక్ ట్యాంక్ రకానికే నా ఓటు.