ఎపాక్సీ పుట్టీ బొమ్మ నున్నగా రావాలంటే ఆరకముందే చూసుకోవాలి

చాలామంది "గట్టిపడ్డాక ఉప్పు కాగితంతో రుద్దేద్దాంలే" అని వదిలేస్తారు. రెండంగుళాల బొమ్మ ముఖం మీద కాగితం ఎక్కడ తిరుగుతుందండీ? ముక్కు అరిగిపోతుంది, చెంప మీద గీత మాత్రం అలాగే ఉంటుంది. నునుపు పని ముద్ద మెత్తగా ఉన్నప్పుడే అయిపోవాలి.

ముందు కలపడం. ఎపాక్సీ పుట్టీ అంటే రెండు భాగాలుగా వచ్చే, కలిపితే గట్టిపడే ముద్ద. ఆ రెండు భాగాలూ సమానంగా తీసుకుని రంగు చారలు పూర్తిగా పోయేదాకా పిసకండి, గ్లవ్స్ వేసుకుని, ఎందుకంటే ఆరని ఎపాక్సీ కొందరికి చర్మం మీద ఎలర్జీ తెస్తుంది. గ్రీన్ స్టఫ్ అనే రకం పుట్టీని పట్టీగా కొన్నవాళ్లు నీలం, పసుపు కలిసే గీత దగ్గర సన్నగా కోసి పారేయండి. అక్కడ ముందే గట్టిపడిన పొర ఉంటుంది, కలిపాక అది నూకల్లా చేతికి తగులుతుంది, ఎంత రుద్దినా పోదు.

అసలు కిటుకు టైమింగే. కలిపిన వెంటనే ముద్ద జిగటగా పనిముట్టుకి అంటుకుంటుంది, అప్పుడు నునుపు కోసం పోరాడటం దండగ. ఆకారం మాత్రం దిద్ది ఓ ఇరవై నిమిషాలు, అరగంట వదిలేయండి. పనిముట్టు ఆనిస్తే అంటుకోకుండా అచ్చు మాత్రం పడుతున్నప్పుడు మొదలుపెట్టండి. వేడికి ఎపాక్సీ తొందరగా బిగుసుకుంటుంది కాబట్టి బెజవాడ మే నెలలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు, పొద్దున్నే కూర్చోండి, కొంచెం కొంచెంగానే కలపండి. హార్డ్‌వేర్ షాపులో త్వరగా గట్టిపడే రకం ఇస్తారు, పైపు లీకులకి బ్రహ్మాండం, బొమ్మలకి వద్దు.

సిలికాన్ మొన ఉన్న బ్రష్ ఉంటే మంచిది, లేకపోతే నున్నటి అల్లిక సూదైనా చాలు. దాన్ని నీటితో తడి చేసి, లాగకుండా, మెల్లగా దొర్లిస్తూ నొక్కండి. తడి అంటే తడే, నీళ్లు నిలవకూడదు, నిలిస్తే పైన వేసే పొర పట్టదు. మిల్లీపుట్ అనే ఇంకో రకం పుట్టీ ఆరకముందు నీటికి కరుగుతుంది, కాబట్టి తడి బ్రష్‌తో తుడిస్తే చివరి గీతలు కూడా పోతాయి. గ్రీన్ స్టఫ్ కరగదు, దానికి వాజెలీన్ లేశమాత్రం రాయండి. టేబుల్ లైటు పక్కనుంచి ఏటవాలుగా పడాలి, నెత్తిమీద ట్యూబ్‌లైట్ కింద గుంటలు కనపడవు. బొమ్మని సీసా మూత మీద అతికించి మూతనే పట్టుకోండి, వేలిముద్రల టెన్షన్ ఉండదు. ముందు వైపు ఆరాకే వెనక వైపు ముట్టుకోండి.

ఇంకా రుద్దాల్సిందేమైనా మిగిలితే ఒక రోజు ఆరనిచ్చి, వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పు కాగితం) 400, 600, 1000 నంబర్ల వరసలో, అంటే గరుకు నుంచి నునుపుకి, తడిపి, మాస్క్ పెట్టుకుని. ఇది ఎంసీల్, మిల్లీపుట్ లాంటి గట్టి రకాలకే. గ్రీన్ స్టఫ్ ఆరినా రబ్బరులా వంగుతుంది, రుద్దితే పోగులు లేస్తాయి, దాంట్లో కాస్త మిల్లీపుట్ కలిపితే రుద్దుడుకి లొంగుతుంది.

మన పక్కనే కొండపల్లిలో తెల్లపొణికి బొమ్మలకు చేతులూ కాళ్లూ మక్కుతో, అంటే చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికించి, తెల్ల పూత వేసి, ఆ తర్వాతే రంగులు వేస్తారు. మనకి ఆ పూత స్థానంలో బూడిద రంగు ప్రైమర్. అది కొట్టేముందు వాజెలీన్ అంతా గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి, లేకపోతే పెయింట్ ఊడొస్తుంది. పలచగా ఒక కోటు కొట్టాక ఎక్కడెక్కడ గుంటలున్నాయో కనిపిస్తాయి. మిల్లీపుట్‌ని నీళ్లలో పల్చగా కలిపి బ్రష్‌తో వాటిలో నింపి, అంచుల దగ్గర మిగిలింది తడి వేలితో తుడిచేయండి.